జమైకా బ్లూ మౌంటెన్ కాఫీ గింజలు: మూడు చోట్ల కొన్నా, డబ్బులు గిట్టింది ఒక్క చోటే

ముందే చెప్పేస్తున్నా, నేను కాఫీ ఎక్స్‌పర్ట్‌ని కాదు. బెజవాడ సత్యనారాయణపురంలో పుట్టి పెరిగినోణ్ణి. రాత్రి ఇత్తడి ఫిల్టర్‌లో వేసి పెట్టిన డికాక్షన్, చిక్కటి గేదె పాలు, 80-20 పొడి (80 పాళ్లు కాఫీ, 20 పాళ్లు చికోరీ), నాకు తెలిసిన కాఫీ ఇంతే. కాకపోతే మా బాబాయ్ గుంటూరు మిర్చి యార్డులో కమిషన్ కొట్లో ముప్పై ఏళ్లు పనిచేశాడు, చిన్నప్పుడు వేసవి సెలవులకి వెళ్తే నన్నూ యార్డుకి తీసుకెళ్లేవాడు. టిక్కీ, అంటే మిర్చి బస్తా, విప్పగానే పైన కాయలు చూడడు ఆయన, మోచేతి దాకా చెయ్యి లోపలికి దూర్చి అడుగున ఉన్న కాయ తీసి, విరిచి, వాసన చూసి, గింజలు రాల్చి అప్పుడు మాట్లాడతాడు. ఆ అలవాటు నాకూ అంటుకుంది, పండైనా బట్టైనా అడుగుది తీసి చూస్తా. జమైకాలో మాత్రం మొదటి రోజే ఆ బుద్ధి ఎక్కడ పెట్టానో తెలీదు.

2024 డిసెంబర్‌లో అట్లాంటాలో ఉన్న మా తమ్ముడి దగ్గరికి వెళ్లాం నేనూ మా ఆవిడా. వాడు సెలవులకి జమైకా టిక్కెట్లు బుక్ చేసి పెట్టాడు, మాంటెగో బేలో మూడు రోజులు, కింగ్‌స్టన్‌లో రెండు రోజులు. సముద్రం గురించి నేను రాయను, చీరాల వెళ్లొచ్చినోళ్లకి సముద్రం కొత్త కాదు (నీళ్లు మాత్రం గాజులా ఉన్నాయి, అది ఒప్పుకోవాలి). నాకు ఆ ట్రిప్‌లో ఉన్న ఒకే ఒక్క ప్లాన్ కాఫీ గింజలు కొనుక్కొని రావడం, ఎందుకంటే బ్లూ మౌంటెన్ కాఫీ ప్రపంచంలోనే ఖరీదైనవాట్లో ఒకటని మా ఆఫీసులో ఒకాయన రెండేళ్లుగా ఊదరగొడుతున్నాడు, ఆయన మాత్రం ఎప్పుడూ తాగలేదు.

మొదటి కొనుగోలు పెద్ద బొక్క. బీచ్ పక్కన టూరిస్టు సామాన్ల కొట్టు, పేరు అనవసరం, అలాంటివి అక్కడ వీధికి పది ఉన్నాయి. టోపీలు, టీషర్టులు, ఫ్రిజ్‌కి అంటించే బొమ్మలు, వాటి మధ్యలో గోనెగుడ్డ సంచుల్లో కాఫీ. సంచి మీద నీలం రంగు కొండలు, చిలక బొమ్మ, పెద్ద అక్షరాలతో బ్లూ మౌంటెన్ అని ఉంది. 12 డాలర్లు అంది అమ్మాయి, చాలా మర్యాదగా నవ్వుతూ మాట్లాడింది, రెండు తీసుకున్నా. రూముకెళ్లి మా తమ్ముడు సంచి వెనక్కి తిప్పి అన్నయ్యా ఇది చదివావా అన్నాడు. చీమ తలకాయంత అక్షరాల్లో బ్లెండ్ అని ఉంది. అంటే అందులో కొంత బ్లూ మౌంటెన్, మిగతాది ఎక్కడి సరుకో దేవుడికెరుక. ఎప్పుడు వేయించారో తేదీ లేదు, ఫలానా తేదీలోపు వాడండి అని మాత్రం ఉంది, అది కూడా ఏడాదిన్నర తర్వాతిది. విప్పితే గింజలు నూనె కారుతూ నల్లగా, వాసన చూస్తే పాత అట్టపెట్టె. ముక్కలైన గింజలు, చిన్నా పెద్దా అన్నీ కలిసిపోయి ఉన్నాయి. యార్డులో అయితే దీన్ని తాలు అని పక్కకి పారేస్తారు. 24 డాలర్లు, మన డబ్బుల్లో రెండు వేల పైన. మా ఆవిడ ఏమీ అనలేదు, ఏమీ అనకపోవడమే ఎక్కువ బాధ.

ఆ రాత్రి కూర్చుని కాస్త చదివా. బ్లూ మౌంటెన్ అనేది ఏదో బ్రాండ్ కాదు, మన అరకు కాఫీకీ గుంటూరు మిర్చికీ ఉన్నట్టు చట్టం కాపాడే పేరు. సెయింట్ ఆండ్రూ, సెయింట్ థామస్, పోర్ట్‌లాండ్, సెయింట్ మేరీ అని నాలుగు జిల్లాలున్నాయి, ఆ నాలుగింట్లో గీత గీసిన కొండ భాగంలో, సుమారు 3,000 అడుగుల నుంచి 5,500 అడుగుల ఎత్తులో పండిందానికే ఆ పేరు పెట్టాలి. ఇంకా కింద పండితే హై మౌంటెన్ లాంటి వేరే పేర్లు, అదీ జమైకా కాఫీయే, పండేదీ మంచి నేలలోనే, కానీ రేటు బాగా తక్కువ. ఇదంతా చూసుకోడానికి జాక్రా అని ప్రభుత్వ సంస్థ ఉంది, అసలు సరుకు మీద వాళ్ల సర్టిఫికేషన్ ముద్ర ఉంటుంది. అంటే నూజివీడు రసాలు అని బోర్డు పెట్టి ఏ ఊరి కాయో అమ్మే బండి మన దగ్గర ఉన్నట్టే, అక్కడ కూడా కొండ పేరు చెప్పి మైదానం సరుకు అమ్మేవాళ్లున్నారు. 100 శాతం అనే మాట, ముద్ర, వేయించిన తేదీ, ఈ మూడూ ప్యాకెట్ మీద వెతకాలి, అందులోనూ తేదీ ముందు.

మూడో రోజు కింగ్‌స్టన్‌కి కారు మాట్లాడుకున్నాం. డ్రైవర్ యాభై దాటిన మనిషి, మంచి మాటకారి. అక్కడా మనలాగే ఎడమ చేతి వైపు బండ్లు నడుపుతారు కాబట్టి ముందు సీట్లో కూర్చుంటే ఇంటికొచ్చినట్టుంది, అట్లాంటాలో అయితే ప్రతి మలుపుకీ నా కాలు బ్రేక్ వెతుక్కునేది. మేం ఇండియా అనగానే ఆయన క్రికెట్ ఎత్తుకున్నాడు, నేను ఊరుకుంటానా, 2019లో మీ సబీనా పార్క్‌లోనే మా ఆంధ్రా కుర్రాడు హనుమ విహారి మొదటి టెస్ట్ సెంచరీ కొట్టాడు, 111 అని చెప్పా. ఆయనకి ఆ మ్యాచ్‌లో బుమ్రా హ్యాట్రిక్ గుర్తుంది గానీ విహారి గుర్తు లేడు, దాని మీద అరగంట వాదన. మధ్యలో ఆగినప్పుడు టీ తాగుదామా అన్నాడు, సరే అంటే కాఫీ తెచ్చాడు. అక్కడ వేడిగా ఉండే ప్రతిదీ టీయేనంట, కాఫీ టీ, కోకో టీ, చివరికి చేపల పులుసు నీళ్లకి కూడా ఫిష్ టీ అంటారు. ఆ కప్పులో ఉన్నది ఇన్‌స్టంట్ కాఫీ. ఇదేంటయ్యా ఇంత కొండ పెట్టుకుని అంటే, కొండ మీద కాఫీ మేం కొనుక్కునే రేటు కాదు సార్ అన్నాడు. చాలా ఏళ్ల పాటు ఆ పంటలో ఎక్కువ భాగం జపాన్ వాళ్లే కొనుక్కుపోయేవారు, అది కూడా గోనె సంచుల్లో కాదు, చెక్క పీపాల్లో పంపేవారు, ఇప్పటికీ పీపాలు ఉన్నాయి. మన బంగినపల్లి మంచి కాయ పెట్టెల్లో పైదేశం పోయి, మచ్చ కాయ మనకి మిగిలినట్టు.

రెండో కొనుగోలు కింగ్‌స్టన్‌లో సూపర్ మార్కెట్. ఈ సలహా డ్రైవర్‌దే, మంచి సలహా. బీచ్ కొట్లలో రేటుకీ ఇక్కడి రేటుకీ చాలా తేడా ఉంది, అదే బ్రాండ్ అదే సైజు ఇక్కడ నాలుగైదు డాలర్లు తక్కువ. బ్లూ మౌంటెన్ పక్కనే హై మౌంటెన్, రోజువారీ బ్లెండ్లు అన్నీ వరసగా పెట్టి ఉంటాయి కాబట్టి పోల్చి చూసుకోవచ్చు, ఎవడూ వెనకాల నిలబడి తొందర పెట్టడు. ఒక హై మౌంటెన్ ప్యాకెట్ తీసుకున్నా. దీని మీదా వేయించిన తేదీ లేదు కానీ గాలి బయటికి పోయే చిన్న వాల్వ్ ఉంది, నొక్కి ముక్కు దగ్గర పెట్టుకుంటే వాసన తాజాగానే తగిలింది. ఇచ్చిన డబ్బుకి బాగానే ఉంది, ఇంటికొచ్చాక పాలతో కలుపుకుంటే మా ఇంట్లో ఎవరూ వంక పెట్టలేదు. ఎక్కువ ఆలోచించకుండా ఊళ్లో వాళ్లందరికీ పంచడానికి తెచ్చుకునేవాళ్లకి ఇది చాలు.

అసలు సంగతి మర్నాడు కొండెక్కాక. కింగ్‌స్టన్ అంచున పాపీన్ అనే చోట నుంచి రోడ్డు పైకి మొదలవుతుంది, ఇంక మన అరకు ఘాట్ రోడ్డే, కాకపోతే ఇంకా ఇరుకు. ఎదురుగా బండి వస్తే ఒకళ్లు వెనక్కి తీసుకోవాలి, మా ఆవిడ కళ్లు మూసుకుని ఆంజనేయ దండకం ఎత్తుకుంది. ఐరిష్ టౌన్ వచ్చేసరికి చలి, మేఘాలు రోడ్డు మీదకే దిగి తిరుగుతున్నాయి. దూరం కొండలు నిజంగానే నీలంగా కనిపిస్తాయి. ఆ చుట్టుపక్కలే క్రైటన్ ఎస్టేట్ అని జపాన్ కంపెనీ యూసీసీ వాళ్ల తోట ఉంది, టూరిస్టులకి తిప్పి చూపిస్తారు, మేం అది దాటి ఇంకా పైకెళ్లి డ్రైవర్‌కి తెలిసిన ఒక చిన్న కుటుంబం తోటకి పోయాం. పెద్ద బోర్డేం లేదు, ఇల్లే ఫ్యాక్టరీ.

అక్కడ ఆ ఇంటి పెద్దావిడ ఒక మాట అంది, పదండి ముందు బార్బెక్యూ చూపిస్తా అని. మేం శనివారం నాన్ వెజ్ తినం అని మా ఆవిడ కంగారుగా చెప్పేసింది. తీరా చూస్తే కాఫీ గింజలు ఎండబెట్టే సిమెంటు గచ్చుని వాళ్లు బార్బెక్యూ అంటారంట! అచ్చం మన మిర్చి కల్లం. పండు కోసుకొచ్చి పైతొక్క తీసి, కడిగి, ఆ గచ్చు మీద పరిచి, చెక్క పారతో తిరగేస్తూ ఉంటారు, మబ్బు పడితే పరుగెత్తి పోగు చేసి పట్టా కప్పుతారు. మేం చూస్తుండగానే సన్నగా జల్లు మొదలైంది, పెద్దావిడ మనవడూ మా తమ్ముడూ కలిసి పోగులు లాగారు. ఎండిన గింజ మీద వడ్ల పొట్టులాంటి పసుప్పచ్చ పొర ఉంటుంది, ఆ పొరతోనే కొన్ని వారాలు సంచుల్లో ఊరికే ఉంచుతారు, తర్వాతే దంచి పొట్టు తీయడం, జల్లెడ పట్టడం, బల్ల మీద పోసి ఆడవాళ్లు చేత్తో ఏరడం. పెద్ద గింజ నంబర్ వన్, తర్వాత రెండు, మూడు. పండులో రెండు బద్దలకి బదులు ఒకే గుండ్రటి గింజ ఉంటే దాన్ని విడిగా తీస్తారు, అదేంటో నాకు తెలుసు, మన కాఫీ పొడి కొట్లల్లో పీబీ అని బోర్డు మీద రాసేది అదే.

చెట్లు చూశాక రేటు గురించి బేరం ఆడబుద్ధి కాలేదు. ఆ వాలు మీద నిలబడ్డమే కష్టం, అక్కడ యంత్రం ఎక్కదు. ఒకే కొమ్మ మీద ఎర్ర పండు, పచ్చి కాయ, పూత మూడూ ఉంటాయి కాబట్టి పండింది చూసి చేత్తో కోసి, మళ్లీ కొన్ని రోజులకి అదే చెట్టుకి రావాలి. పైగా తుపాన్లు. 1988లో గిల్బర్ట్ తుపాను ఈ తోటల్ని ఊడ్చేసింది, మేం వెళ్లిన ఏడాదే జూలైలో బెరిల్ వచ్చింది, పెద్దావిడ ఒక వైపు వాలు చూపించి అక్కడ ఉన్న చెట్లు పోయాయి అంది, ఏడుపు లేదు ఏమీ లేదు, మన దివిసీమ పెద్దవాళ్లు 77 ఉప్పెన గురించి చెప్పేటప్పుడు ఉండే గొంతు. కొత్త మొక్క కాపుకి రావాలంటే మూడు నాలుగేళ్లు పడుతుంది. 1728లో నికోలస్ లాస్ అనే మాజీ గవర్నర్ మార్టినిక్ దీవి నుంచి మొక్క తెప్పించి ఇక్కడ మొదలుపెట్టాడంట. మన వైపు బాబా బుడన్ మక్కా నుంచి వస్తూ ఏడు గింజలు దాచి తెచ్చాడనే కథ నేను చెప్పా, ఆవిడకి తెగ నచ్చింది, ఏడు గింజలేనా అని రెండుసార్లు అడిగింది.

వేయించేది ఇంటి వెనక షెడ్డులో చిన్న డ్రమ్ము మెషీన్. ముందు రోజు వేయించిన డబ్బా మూత తీసి, పైపైన చూపించకుండా చెయ్యి పెట్టి తీసుకోండి అంది. అప్పుడు బాబాయ్ గుర్తొచ్చాడు. అడుగుదాకా దూర్చి గుప్పెడు తీశా, పైదెలా ఉందో అడుగుదీ అలాగే ఉంది, అన్నీ ఒకే సైజు, ఒకే రంగు, మరీ నల్లగా కాదు, చింతగింజ రంగు. నూనె తేలలేదు. ఒకటి కొరికితే పటుక్కున విరిగింది, ముందు వేరుశెనగ వేయించిన రుచి, వెనకాల సన్నటి తీపి. 454 గ్రాముల ప్యాకెట్ 45 డాలర్లు, అంటే మనకి 3,800 చిల్లర, కిలో లెక్కన 8,400. ఆ ఒక్క ప్యాకెట్ డబ్బుతో మా ఇంట్లో నాలుగైదు నెలల కాఫీ పొడి వస్తుంది. అయినా కొన్నా, ఒక్కటే. తేదీ ఆవిడే పెన్నుతో రాసి ఇచ్చింది. పచ్చి గింజలు కూడా ఇస్తా, ఇంటికెళ్లి వేయించుకోండి అంది, నేనే వద్దన్నా, పచ్చివి మన దేశంలోకి తేవాలంటే మొక్కల క్వారంటైన్ గొడవ, పర్మిట్లు అవీ. వేయించినవాటితో ఎక్కడా ఇబ్బంది రాలేదు, అట్లాంటాలో దిగినప్పుడు తినేవి ఏమున్నాయంటే కాఫీ అని చెప్పాం, పొమ్మన్నాడు. ఎయిర్‌పోర్టులో కూడా అమ్ముతున్నారు కానీ అక్కడ రేట్లు చూడకుండా ఉండటమే ఆరోగ్యం.

ఇంక బెజవాడలో జరిగింది. ఇంట్లో మిక్సీలో పడితే పొడి ఒకచోట పిండి, ఒకచోట రవ్వ అవుతుందని, వన్ టౌన్‌లో ఒక కాఫీ పొడి కొట్టుకి తీసుకెళ్లా. నాలుగో వంతు మాత్రమే ఇచ్చా, అదృష్టం. కుర్రాడు అంతకుముందే ఎవరికో చికోరీ కలిపిన పొడి ఆడి ఉన్నాడు, మెషీన్ దులుపు బాబూ అంటే రెండు దెబ్బలు కొట్టి అయిపోయింది సార్ అని నా గింజలు పోసేశాడు. బయటికొచ్చిన పొడి మొదటి గుప్పెడు ముదురు రంగు, తర్వాతది లేత రంగు, అంటే నా 3,800ల కాఫీకి చికోరీ తాంబూలం. చివరికి ఆన్‌లైన్‌లో చేత్తో తిప్పే గ్రైండర్ ఒకటి తెప్పించుకున్నా, అదో ఖర్చు. మీరు గింజలు తెచ్చుకునే పనైతే గ్రైండర్ ఉందో లేదో చూసుకుని తెచ్చుకోండి, లేకపోతే అక్కడే ఆడించి తెచ్చుకుని వారం పది రోజుల్లో తాగేయండి.

అమ్మ ఎప్పటిలాగే ఇత్తడి ఫిల్టర్‌లో వేసి, పాలు పోసి, పంచదార వేసి గ్లాసులో ఇచ్చింది. తను ఒక గుక్క తాగి నా వైపు చూసి, ఏరా, ఇది కాఫీనా, కాఫీ గ్లాసు కడిగిన నీళ్లా అంది. నాకు కోపం వచ్చింది కానీ తాగితే నిజమే. గేదె పాలు ఆ రుచిని మింగేశాయి. మన ఫిల్టర్ కాఫీకి ఒళ్లున్న గింజ కావాలి, రోబస్టా అనే ఘాటు రకం కలవాలి, చికోరీ చేదు కావాలి, అప్పుడే పాలకి ఎదురు నిలబడుతుంది. ఈ బ్లూ మౌంటెన్ మెత్తటి మనిషి, గట్టిగా మాట్లాడే వాళ్ల మధ్యలో దీని మాట వినపడదు.

మర్నాడు పాలు లేకుండా చేశా. ప్యూర్టోరికోలో పాత ఇళ్లల్లో గుడ్డ సంచితో కాఫీ వడగడతారని మా మరదలు చెప్పింది, మా నాయనమ్మ కూడా ఫిల్టర్ కొనక ముందు పంచె ముక్కతోనే వడగట్టేది కదా అని ఉతికిన తెల్ల గుడ్డ గ్లాసు మీద కట్టి, రెండు చెంచాల పొడి వేసి, మరిగించి ఒక్క నిమిషం ఆపిన నీళ్లు సన్నగా పోశా. పొడి ఉబ్బి బుడగలొచ్చాయి, తాజాది అనడానికి అదే గుర్తు. బీచ్ కొట్టు పొడితో అదే చేస్తే బురదలా కూర్చుంది, ఒక్క బుడగ లేదు. తాగితే, ఎలా చెప్పాలి, చేదు అసలు నాలుక మీద నిలవలేదు. పులుపు ఉందీ లేనట్టు. మింగాక గొంతులో వేయించిన పప్పు, బెల్లం పాకం లాంటి తీపి చాలాసేపు ఉంది. పంచదార లేకుండా కాఫీ తాగడం నా జీవితంలో అదే మొదటిసారి.

మరి 8,400 విలువ చేస్తుందా అంటే, రుచికి మాత్రమే అయితే చెయ్యదు. మన అరకు అరబికా ఉంది కదా, మిరియాల తీగ పాకిన సిల్వర్ ఓక్ నీడలో గిరిజన రైతులు పండించేది, 2019లో జీఐ (ఇందాక చెప్పిన, చట్టం పేరుని కాపాడే గుర్తింపు) కూడా వచ్చింది, అది తెచ్చి అదే గుడ్డలో వడగట్టి పక్కపక్కన పెట్టుకుని తాగా. అరకుది కాస్త పులుపు ఎక్కువ, పండు వాసన ఎక్కువ, బ్లూ మౌంటెన్ అంత నున్నగా లేదు, కానీ నాకు నిద్ర లేపింది అరకుదే. కళ్లు మూసుకుని ఏది ఏదో చెప్పమంటే మా ఆవిడ రెండుసార్లూ తప్పు చెప్పింది. జమైకా దాకా వెళ్లినవాళ్లు ఒక్క ప్యాకెట్, అదీ కొండ మీద, తేదీ చూసుకుని కొనుక్కోవాలి. పనిగట్టుకుని ఎవరితోనో తెప్పించుకునేంత అవసరం లేదు.

సంక్రాంతికి గుంటూరు వెళ్లినప్పుడు బాబాయ్‌కి చూపించా. ఆయన ప్యాకెట్ పైన ఏం రాసుందో చూడలేదు, చెయ్యి లోపలికి పెట్టి అడుగు నుంచి నాలుగు గింజలు తీసి, ఒకటి గోరుతో నొక్కి, ఒకటి కొరికి, ఎండు బాగుంది, తాలు లేదు, ఎంతకి కొన్నావురా అన్నాడు. చెప్పా. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత నేను తెచ్చిన రెండో సంచిలో ఉన్న స్కాచ్ బానెట్ మిరపకాయ సాస్ సీసా తీసి, ఇది అక్కడి కాయేనా, క్వింటాల్ ఎంత పలుకుద్దో కనుక్కున్నావా అని అడిగాడు. కనుక్కోలేదు, నాకా ఆలోచనే రాలేదు.

ఇప్పుడు మా తమ్ముడు మళ్లీ బయల్దేరాడు, ఈసారి డొమినికన్ రిపబ్లిక్. అక్కడా కాఫీ పండుతుంది, హరబకోవా, బరహోనా కొండల్లో, రేటు జమైకాతో పోలిస్తే చాలా తక్కువ, స్థానికులు కూడా కాఫీ బాగా తాగుతారు, అందుకే సూపర్ మార్కెట్లో కూడా సరుకు నిలవుండదని నా ఆశ. పొడి వద్దు, గింజలే తే, అరకిలో చాలు అని చెప్పా. పొద్దున వాట్సాప్‌లో ఫోటో పెట్టాడు, ఎర్ర ప్యాకెట్, ముందు వైపు బ్రహ్మాండంగా ఉంది, కొండ, సూర్యుడు, గాడిద. వెనక్కి తిప్పి పెట్టరా అన్నా. రెండు టిక్కులు నీలం అయ్యాయి, ఇంకా ఫోటో రాలేదు.